జాలరిపేట ఎంపీయమ్మ

జాలరిపేటలో గరికిన సూర్యకళ ఇల్లెక్కడా అని అడిగితే ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ పేరుగల ఆడవాళ్ళు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. ఎంపీయమ్మ ఇల్లెక్కడా అని అడిగితే మాత్రం వలలు బాగుచేసుకుంటున్న ముసలాళ్ళు కూడా తల ఎత్తకుండానే చెయ్యి చూపిస్తారు. ఆమె పార్లమెంటులో ఉన్నది ఏడాదీ, ఆపైన కాస్తా. పేరు మాత్రం అతుక్కుపోయింది.

ఆ కబురు వచ్చిన పూట సూర్యకళ ఇసకలో తాటాకు చాపల మీద నెత్తళ్ళు ఎండబెడుతోంది. కాకుల్ని తోలుతూ, పక్కింటామెతో మాట్లాడుతూ చేపలు తిరగేస్తోంది. రోడ్డు మీద కారు ఆగింది. పార్టీ జిల్లా అధ్యక్షుడు గవర్రాజు దిగి, బూట్లలోకి ఇసక దూరుతున్నా ఆగకుండా నడిచొచ్చాడు.

"సూర్యకళమ్మా, డిల్లీ వొచ్చిందమ్మా!"

ఆమె లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "డిల్లీ నుంచి ఎవలొచ్చినారు బాబూ? ముందే సెప్తే ఆడోళ్ళని పోగుసేద్దును కదా."

"ఎవరూ రాలేదు. నువ్వే ఎల్లాల. రాజ్యసభకి."

సూర్యకళ నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి ఆమె ఆపేసింది.

విషయం ఏమిటంటే, ఈ జిల్లా నుంచి రాజ్యసభలో ఉన్న అచ్యుతరామయ్య అనే పెద్దమనిషి ఒంట్లో బాగోలేదని రాజీనామా చేశాడు. వ్యాపారాలున్న మనిషి, సగం కాలం హైదరాబాదులోనే ఉండేవాడు. ఆయన వదిలిన సీటుకి మిగిలిన గడువు ఏడాది పైచిలుకు. అంత కొద్ది గడువుకి కూడా జిల్లాలో ముగ్గురు పెద్ద నాయకులు కొట్టుకున్నారు. ఒకరికిస్తే ఇద్దరు అలుగుతారు. ఎవరికీ అభ్యంతరం లేని మనిషిని చూడమని పైనుంచి మాటొచ్చింది. అప్పుడు గవర్రాజుకి ఈమె తట్టింది. మత్స్యకారుల ఆడబిడ్డ, ఒకసారి కార్పొరేటరు, ఇప్పుడు రాష్ట్ర మహిళా విభాగంలో ఉపాధ్యక్షురాలు. మీటింగుకి రమ్మంటే నలభై మందిని వెంటేసుకుని వస్తుంది, స్టేజీ ఎక్కించకపోయినా అడగదు.

కారులో పార్టీ ఆఫీసుకి వెళ్తూ ఆయన ఇదంతా దాచకుండా చెప్పాడు. "నీకు శత్రువుల్లేరమ్మా. అదీ కారణం."

"మిత్రులు మాత్రం ఎవలున్నారు బాబూ?"

"గడువైపోయాక సీటు ఇంకొకరికి పోద్ది. అప్పుడు నువ్వు అలక్కూడదు."

"అలగడానికి అదేటి మా అత్తోరిల్లా?" అంది సూర్యకళ.

ఆమెకి రాజకీయం కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో తలమీద చేపల గంప పెట్టుకుని పెదవాల్తేరు వీధులన్నీ తిరిగేది. తరవాత ఫిషింగ్ హార్బర్లో వేలంపాటలో చేపలు కొని అమ్మడం మొదలుపెట్టింది. హార్బర్లో ఆడవాళ్ళు ఎండలో, వానలో నేలమీద కూర్చునేవారు. నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. ఒక వేసవిలో ఒక ముసలామె ఎండదెబ్బకి పడిపోతే, సూర్యకళ ఆడవాళ్ళందర్నీ లేపి గేటుకి అడ్డంగా గంపలు పేర్పించింది. మధ్యాహ్నం దాకా ఒక్క ఐసు బండి కదల్లేదు. సాయంత్రానికి అధికార్లు వచ్చి ఒప్పుకున్నారు, తర్వాతి ఏడాదికి రేకుల షెడ్డు వచ్చింది. ఆ షెడ్డుతోనే ఆమె వార్డులో గెలిచింది. ఆ తరవాతి ఎన్నికలో ఓడిపోయింది. ఓడిన మర్నాడు మళ్ళీ హార్బర్‌కి వెళ్ళి పాటలో నిలబడింది.

భర్త గురువులు మరబోటు మీద సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. ఆమె నామినేషన్ వేసిననాడు అతను పారాదీప్ వైపు వేటలో ఉన్నాడు. పోటీ లేకుండా ఎన్నికైపోయిందన్న మాట బోటు దిగాకే విన్నాడు. ఇంటి ముందు పూలదండలు, టపాకాయల కాగితాలు చూసి, "ఎవలింట్లో పెళ్ళే?" అన్నాడు.

"నాను ఎంపీనైపోనాను మావా."

గురువులు గుమ్మంలో కూర్చుని కాళ్ళు కడుక్కున్నాడు. "మరి ఈల్లందరికీ టీలు ఇచ్చినావా?" అన్నాడు.

ఢిల్లీకి ఆమెతో శివరామకృష్ణ వెళ్ళాడు. పార్టీవాళ్ళు కుదిర్చిన సహాయకుడు. తాతలు అమలాపురం వైపు నుంచి వచ్చారు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు. కుర్రాడికి ఇంగ్లీషూ హిందీ రెండూ వచ్చు, మాట్లాడితే మాత్రం చివర 'అండి' లేకుండా ఉండదు. అచ్యుతరామయ్య దగ్గర కూడా కొన్నాళ్ళు పనిచేశాడు కాబట్టి ఏ గేటులోంచి లోపలికెళ్ళాలో, ఏ కాగితం ఎవరికివ్వాలో తెలిసినవాడు.

మొదటి గండం ప్రమాణ స్వీకారం. సూర్యకళ ఏడో తరగతి దాకా చదివింది, చదవడం వచ్చు. కానీ ఆ వాక్యం సముద్రంలో వల విసిరినంత పొడవుంది. ఆంధ్రా భవన్ గదిలో కూర్చుని ఇద్దరూ కుస్తీ పట్టారు.

"సార్వభౌమత్వమును, అనండి మేడమ్."

"సార్వబవుమత్తమును."

"ముక్కలు చేసుకుని అనండి. సార్వ. భౌమ. త్వము."

"సేపని కోసినట్టా?"

"అలాగే అనుకోండి. తల, నడుము, తోక."

మర్నాడు సభలో ఆమె ఆ మాటని తల, నడుము, తోక విడివిడిగా కోసి మరీ పలికింది. ఎక్కడా తడబడలేదు. 'శ్రద్ధాపూర్వకముగా' దగ్గర మాత్రం 'స్రద్ద' అంది. ఎవరూ పట్టించుకోలేదు. సంతకం పెట్టి, అధ్యక్ష స్థానానికి దండం పెట్టి, చివరి వరసలో తనకిచ్చిన సీట్లో కూర్చుంది. టీవీలో చూసిన జాలరిపేట వాళ్ళు ఫోన్లమీద ఫోన్లు చేశారు. ఆకుపచ్చ చీర బాగుందన్నారు.

మొదటి సమావేశాలన్నీ ఆమె విన్నది. చెవికి యంత్రం తగిలించుకుంటే కొన్ని మాటలు తెలుగులో వినిపించేవి, కొన్ని వినిపించేవి కావు. కొందరు ఖాళీ కుర్చీలకేసి చూస్తూ అరగంట మాట్లాడేవాళ్ళు. మొదట్లో ఆమెకి జాలేసింది, తరవాత అలవాటైపోయింది. మధ్యాహ్నం భోజనంలో చేపల కూరంటే ఆశపడి వడ్డించుకుంది. చెరువు చేప, మట్టివాసన. ఆ తరవాత పప్పుతోనే సరిపెట్టుకుంది. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఆడవాళ్ళు చుట్టూ చేరి, "అక్కడ ఏటి సేత్తన్నావప్పా?" అని అడిగితే, "కూకుంటన్నాను" అని చెప్పింది. అబద్ధం చెప్పడానికి ఆమెకి మనసు రాలేదు.

రెండో సమావేశాలకి ముందు ఆ బోటు సంగతి జరిగింది.

హార్బర్ నుంచి ఉత్తరానికి వేటకెళ్ళిన బోటొకటి ఇంజను ఆగిపోయి, నీటివాలుకి కొట్టుకుపోయి, బంగ్లాదేశ్ హద్దు దాటేసింది. అక్కడి గస్తీవాళ్ళు పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయారు. బోటు మీద ఏడుగురు, అందరూ జాలరిపేట చుట్టుపక్కలవాళ్ళే. సరంగు పేరు నాగబాబు. గురువులు చేతికింద పని నేర్చుకున్నవాడు.

నాగబాబు భార్య వరహాలమ్మ మిగతా ఇళ్ళ ఆడవాళ్ళని వెంటేసుకుని సూర్యకళ ఇంటికొచ్చింది. ఏడవలేదు. వీధరుగు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా మాట్లాడింది.

"అప్పా, నువ్వు మమ్మల్ని ఓటడగనేదు. మేం నీకు ఓటెయ్యనేదు. అదేటో ఎమ్మెల్యేలు ఏసుకునే ఓటంట. అయినా నీకాడికే వొచ్చినాం. మాకింకెవలు తెల్సు?"

"తీసుకొత్తానని సెప్పలేనే" అంది సూర్యకళ. "అడుగుతాను. అడగడం మాత్రం ఆపను."

గురువులు గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు. ఆడవాళ్ళు వెళ్ళాక, "నాగబాబుకి కడుపులో పుండు ఉన్నాది. కారం పడదు. ఆ జైల్లో ఏటి పెడతన్నారో" అన్నాడు. ఆ మాట సూర్యకళతో ఢిల్లీ దాకా వచ్చింది.

ఢిల్లీలో ఆమె, శివరామకృష్ణ విదేశాంగ శాఖ ఆఫీసుకి వెళ్ళారు. అధికారి మర్యాదస్తుడు, లేచి నిలబడ్డాడు, టీ తెప్పించాడు. మన రాయబార కార్యాలయం వాళ్ళు మాట్లాడుతున్నారని, కోర్టు పని కాబట్టి ఆలస్యం తప్పదని చెప్పాడు. రెండోసారి వెళ్ళినప్పుడూ టీ ఇచ్చాడు, అదే చెప్పాడు. మూడోసారి సూర్యకళ టీ వద్దంది.

బయటికొస్తూ శివరామకృష్ణని అడిగింది. "ఈల్లు కదలాలంటే ఏటి సెయ్యాల?"

"సభలో లేవనెత్తాలండి. జీరో అవర్ అని ఉంటుంది. మూడు నిమిషాలిస్తారు. రికార్డులోకెక్కితే శాఖ రాతపూర్వకంగా జవాబివ్వాల్సొస్తుంది. ఫైలు పైకొస్తుందండి."

"మరి అదే సేద్దాం."

నోటీసు ఇచ్చారు. మొదటిసారి అవకాశం రాలేదు. మళ్ళీ ఇచ్చారు. ఈసారి ఆమె పేరొచ్చింది. కానీ ఆ రోజు సభ మొదలైన కాసేపటికే వాయిదా పడిపోయింది. వాయిదా వేయించింది వేరే ఎవరో కాదు, ఆమె పార్టీయే. ఉక్కు ఫ్యాక్టరీని అమ్మకుండా కాపాడాలని రాసిన అట్టలు పట్టుకుని, అందరూ సభ మధ్యకి వెళ్ళి నినాదాలివ్వాలని పార్టీ నిర్ణయించింది. సూర్యకళ కూడా అట్ట పట్టుకుని వెళ్ళి అరిచింది. ఆ అట్ట మీద రాసిన మాటలో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. అది తన ఊరి ఫ్యాక్టరీ. తన పేటలోనే ఆ ఉద్యోగాల మీద బతికే ఇళ్ళున్నాయి. టీవీలో చూసి గాజువాక నుంచి శివరామకృష్ణ తండ్రి కొడుక్కి ఫోన్ చేశాడు. "మీ మేడమ్ గారు మా అట్ట పట్టుకున్నారురా" అని మురిసిపోయాడు.

రెండోసారి పేరొచ్చినప్పుడూ అదే జరిగింది.

మూడోసారి పేరు రాగానే ఆమె సభలో పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్ళింది. పెద్దమనిషి, వకీలు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు కాదు.

"బాబూ, రేపు మూడు నిమిషాలు మనోళ్ళని కూకోబెట్టండి. నా మాటైపోగానే లేద్దురు గాని. నానూ లేత్తాను."

"అమ్మా, ఒక్కరికి ఆపితే అందరికీ ఆపాలి. మన పోరాటం చల్లబడిందంటారు. నువ్వే చెప్పు, ఉక్కు పెద్దదా, ఏడుగురు పెద్దా?"

సూర్యకళ నిజంగానే ఆలోచించింది. "ఉక్కే పెద్దది బాబూ. కానీ ఫ్యాక్టరీ ఎల్లుండి కూడా ఉంటాది. ఆల్లు ఉంటారో నేదో నాకు తెల్దు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రేపు అందరం మధ్యలోకి వెళ్తున్నాం. పార్టీ మాట" అన్నాడు.

గదికొచ్చాక శివరామకృష్ణ కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు. మూడు నిమిషాలకి సరిపడా తెలుగులో రాసిచ్చాడు. తరవాత మెల్లగా, "వెళ్ళకపోతే పదవికేం ఇబ్బంది రాదండి. అది ఓటింగు కాదు కదా. కానీ పార్టీ మర్చిపోదండి" అన్నాడు.

"మీ నాన్న ఏటంటారు?"

"మా నాన్న సంగతి నేను చూసుకుంటానండి" అన్నాడు గాని, అతని మొహంలో ఆ ధీమా లేదు.

మర్నాడు సభ మొదలవగానే పార్టీవాళ్ళు లేచారు. పక్కసీటాయన అట్ట ఒకటి ఆమె చేతికందించాడు. సూర్యకళ దాన్ని తీసుకుని బల్లమీద బోర్లించి పెట్టింది. ఆయన ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి చూసి, ముందుకి వెళ్ళిపోయాడు. చివరి వరసలో ఆమె ఒక్కతే మిగిలింది. హార్బర్ గేటు ముందు గంపలు పేర్చిననాడు వెనకాల వంద మంది ఉన్నారు. ఇక్కడ ముందున్నవాళ్ళందరూ తనవాళ్ళే, అందరూ ఆమెకి వీపు పెట్టి అరుస్తున్నారు.

అధ్యక్ష స్థానంలో ఉన్నాయన ఈసారి వాయిదా వెయ్యకుండా గోల మధ్యలోనే ఒక్కొక్క పేరూ పిలుస్తున్నాడు. కొందరు ఈ రభసలో మాట్లాడలేమని కూర్చుండిపోయారు. సూర్యకళ పేరు పిలిచాడు.

ఆమె లేచింది. శివరామకృష్ణ రాసిచ్చిన కాగితం చేతిలోనే ఉంది, కానీ ఆ గోలలో కాగితం చూసి చదివితే గొంతు లేవదని ఆమెకి తెలుసు. వేలంపాటలో ఎవరూ కాగితం చూసి పాడరు. ఇంజన్లు, ఐసు మిషన్లు, కాకులు, మూడొందల మంది మనుషులు, అన్నిటి మీంచీ మాట దాటించాలంటే ఊపిరి పొట్టలోంచి తియ్యాలి. అలాగే తీసింది.

"అయ్యా! నాను విశాపట్నం జాలరిపేట మనిసిని. మా ఊరి బోటు ఇంజను సచ్చిపోయి బంగ్లా నీళ్ళలోకి కొట్టుకుపోనాది. ఏడుగురు మనుసులు. ఆల్లు దొంగతనానికి ఎల్లనేదు. నీళ్ళ మీద గీత ఉండదయ్యా. గాలి ఎటు తోస్తే బోటు అటు పోతాది. నాగబాబు సరంగు. ఆడికి కడుపులో పుండు ఉన్నాది, కారం తినలేడు. రాము అని ఇంకో మనిసి, పెళ్ళాం నీళ్ళోసుకుని ఉన్నాది..."

ఏడుగురి పేర్లూ చెప్పింది. ఒక్కొక్కరి ఇంట్లో ఎవరున్నారో చెప్పింది. సభ నిశ్శబ్దమైపోలేదు. అలాంటిదేమీ జరగలేదు. నినాదాలు అలాగే సాగాయి, ఆమె మాటలూ అలాగే సాగాయి. ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు చెవికి యంత్రాలు తగిలించుకుని వెనక్కి తిరిగారు. చివరి మాట దగ్గర మూడు నిమిషాలూ అయిపోయి మైకు దానంతటదే ఆగిపోయింది. "మా ఆడోళ్ళకి ఏటి సెప్పమంటారు, సెప్పండి!" అని మైకు లేకుండానే పూర్తిచేసింది.

తమిళనాడు తీరం నుంచి వచ్చిన సభ్యుడొకాయన చెయ్యెత్తి, ఈ విషయంతో తన పేరు కూడా కలపమన్నాడు. తరవాత కేరళ సభ్యురాలు ఒకామె. ఆ తరవాత ఇంకో ఇద్దరు. వాళ్ళ ఊళ్ళకీ సముద్రం ఉంది. అధ్యక్షుడు ఆ పేర్లన్నీ చదివి, తరవాతి సభ్యుణ్ణి పిలిచాడు. సూర్యకళ కూర్చుని నీళ్ళు తాగింది. తరవాత బల్లమీది అట్ట తీసుకుని, సభ మధ్యకి వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడింది. పార్టీ నాయకుడు ఆమెకేసి చూశాడు, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో నమస్కారం దాకానే ఉంచాడు.

విశాఖలో మాత్రం చాలామందే అన్నారు. ఉక్కు నినాదాలప్పుడు మన ఎంపీ సీటులో కూర్చుంది అని ఎవరో వీడియో ముక్క కత్తిరించి ఫోన్లలో తిప్పారు. యూనియన్ నాయకుడొకాయన లోకల్ ఛానెల్లో ద్రోహం అన్నాడు. గవర్రాజు ఫోన్ చేశాడు. "ఏటి పనమ్మా ఇది? నీకు శత్రువుల్లేరని నానే సెప్పినాను కదా పైన!"

"ఇప్పుడున్నారని సెప్పండి బాబూ" అంది ఆమె. కానీ ద్రోహం అన్న మాట ఆమెని ఎవరూ అనలేదు ఎప్పుడూ.

సమావేశాలయ్యాక విమానం దిగి ఆమె ఇంటికి వెళ్ళలేదు. గాజువాకలో యూనియన్ వాళ్ళు వేసిన దీక్షా శిబిరానికి పోనిమ్మంది. శివరామకృష్ణ వద్దన్నాడు. "తిడతారండి."

"తిట్టనీ. ఇంట్లో కూకుంటే ఆల్లు తిట్టడం మానెత్తారేటి?"

శిబిరంలో ఆమె జనం మధ్య తివాచీ మీద కూర్చుంది. కొందరు లేచి అవతలికి వెళ్ళిపోయారు. ఇద్దరు గట్టిగానే తిట్టారు. ఆమె వింది. ముందు వరసలో ఉన్న తెల్లజుట్టు మనిషి ఆమెకేసి తిరిగి నోరు తెరిచాడు. శివరామకృష్ణ పక్కకి తిరిగిపోవడం చూస్తే ఆయన ఎవరో ఆమెకి అర్థమైంది.

"మీరు మా అట్ట పట్టుకోలేదు కదండీ."

"ఆ కాసేపూ పట్టుకోనేదు బాబూ. ముందు రోజులన్నీ పట్టుకున్నాను. నా మాటైపోనాక కూడా పట్టుకున్నాను. ఆ ముక్క టీవీలో ఎయ్యనేదు. మళ్ళీ ఎప్పుడు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ మూడు నిమిసాలు మాత్రం మా పేటోళ్ళవి."

ఆయన మజ్జిగ పంచుతున్నవాళ్ళని పిలిచి, "మేడమ్ గారికి ఇవ్వండి" అన్నాడు. సాయంత్రం కొడుకుతో కలిసి స్కూటరు మీద ఇంటికెళ్ళాడట.

శాఖ నుంచి జవాబు వచ్చింది. రాయబార కార్యాలయం మనిషి వెళ్ళి ఏడుగుర్నీ చూశాడని, ఒకరికి వైద్యం చేయిస్తున్నారని అందులో ఉంది. ఆ కాగితంలో తెలుగు చేసుకున్న ముక్కని సూర్యకళ వీధరుగు మీద కూర్చుని వరహాలమ్మకి రెండుసార్లు చదివి వినిపించింది. వరహాలమ్మ అప్పుడు ఏడ్చింది. కడుపులో పుండు ఉన్నోడికి మందు దొరికింది కదా, అంది.

ఆమె గడువు ముగిసేనాటికి వాళ్ళు విడుదల కాలేదు. సభలో వెళ్ళిపోతున్న సభ్యులకి వీడ్కోలు చెప్పారు, మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీశారు. ఈమెకీ రెండు నిమిషాలిచ్చారు. తన మాటలు ఇతరులకి హిందీలో చెప్పినవాళ్ళకి దండం పెట్టింది. ఆ ఏడుగురూ ఇంకా అక్కడే ఉన్నారని గుర్తుచేసి కూర్చుంది. సీటు జిల్లాలో పోట్లాడుకున్న ముగ్గురిలో ఒకరికి వెళ్ళింది. ఆమె అలగలేదు. ముందే మాటిచ్చింది.

వానాకాలం వెళ్ళాక రెండు దేశాలూ పట్టుకున్నవాళ్ళని మార్చుకున్నాయి. సముద్రం మధ్యలో అప్పగింతలు జరిగి, ఆ బోటు మళ్ళీ విశాఖ హార్బర్‌లోకి వచ్చింది. జెట్టీ మీద షామియానా, స్టేజీ, పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద కొత్త ఎంపీ, గవర్రాజు, ఇంకా పైవాళ్ళ బొమ్మలున్నాయి. సూర్యకళ బొమ్మ లేదు. ఆమె ఆడవాళ్ళతో పాటు తాడు అవతల నిలబడింది. ఎవరో గుర్తుపట్టి స్టేజీ మీదికి రమ్మంటే, "ఇక్కడ బాగా కనపడతన్నాది" అంది.

నాగబాబు సగమైపోయాడు. గడ్డం నెరిసింది. దండలు వేస్తుంటే బెదిరినట్టు చూశాడు. రాముకి మాత్రం ఎవరో పసిబిడ్డని చేతికిచ్చారు. వాడు పుట్టినప్పుడు తండ్రి జైల్లో ఉన్నాడు. గురువులు ఎవర్నీ పలకరించకుండా ముందు బోటులోకి దిగి ఇంజను చూసొచ్చాడు. తరవాత నాగబాబు భుజం మీద చెయ్యి వేసి, "పద, కారం నేకుండా వొండించినాను" అన్నాడు.

ఆ గుంపులోనే సూర్యకళకి శివరామకృష్ణ కనిపించాడు. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాడు, సెలవు పెట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆమె అతన్ని పక్కకి తీసుకెళ్ళి అడిగింది.

"నిజం సెప్పు బాబూ. ఇది మనవల్లేనా?"

"తెలీదండి. మార్చుకునే మాటలు మొదట్నుంచీ నడుస్తున్నాయన్నారు. మనం అడక్కపోయినా వచ్చేవాళ్ళేమో. ఆ మందు మాత్రం మనం అడిగాకే ఇచ్చారండి. తారీఖులు చూశాను."

సూర్యకళ తల ఊపింది. "అయితే అదొకటి సేసినాం" అంది.

తరవాత కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. సూర్యకళ వార్డు సీటు అడిగింది. గవర్రాజు తెల్లబోయాడు. "ఎంపీ సేసి మళ్ళీ కార్పొరేటరేటమ్మా? జనం నవ్వుతారు."

"మెట్లు దిగితే తప్పేటి బాబూ? నీళ్ళు కిందే ఉంటాయి."

ఆయన టికెట్ ఇచ్చాడు. ఫ్లెక్సీ మీద 'మాజీ ఎంపీ' అని వేయించమంటారా అని మొహమాటంగా అడిగితే, "ఎయ్యండి, అబద్దం కాదు కదా" అంది. గాజువాక నుంచి నలుగురు రిటైరైన ఉక్కు కార్మికులు వచ్చి రెండు రోజులు ఆమెతో ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ళలో శివరామకృష్ణ తండ్రి ఉన్నాడు. నరాలు తెగే పోటీ అయింది, బొటాబొటిగా గెలిచింది.

ఇప్పుడామె పొద్దున్నే లేచి ముందు చేపలు ఎండేస్తుంది, తరవాత జోనల్ ఆఫీసుకి వెళ్తుంది. కాలవ పూడిక తీయించడానికి, వీధి దీపాలకి, కుళాయి లైన్లకి రోజూ ఎవరో ఒకరితో గొడవే. మొన్న వరహాలమ్మే వచ్చి, కొత్త కుళాయి తన సందులో కాకుండా పక్క సందులో ఎందుకు వేశారని నిలదీసింది. ఇద్దరూ వీధిలోనే గొంతులు పెంచుకున్నారు. ఎవరూ తగ్గలేదు. చివరికి సూర్యకళ ఇంజనీరుని పిలిపించి, వరహాలమ్మని కూడా వెంటబెట్టుకుని, ఆ సందు కొలిపించడానికి బయల్దేరింది.